తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తాగుడు మానాలనుకునేవాళ్లు, మానేసి నిలదొక్కుకుంటున్నవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయి. వాటి గురించి కొత్తవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు తిప్పి తిప్పి అడిగే సందేహాలు ఇవే. ఎవరినీ అడగలేక, అడిగితే ఏమనుకుంటారోనని, నెలల తరబడి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు చాలామంది. అందుకే వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేనప్పుడు

నేను నిజంగా తాగుబోతునేనా? మీటింగ్‌కి వెళ్లేంతగా ముదిరిందా?

ఆ తీర్పు ముందే ఇచ్చుకుని రానక్కర్లేదు. ఇలాంటి మీటింగులు నడిపే సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో (అందరూ ఏఏ అంటారు) చేరడానికి ఉన్న షరతు ఒక్కటే: తాగుడు మానాలన్న కోరిక. ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎంత, ఉద్యోగం ఉందా పోయిందా అని ఎవరూ ఆరా తీయరు.

మీకు మీరే చూసుకోవాలనుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఉంది. ఎంత తాగుతున్నారన్నదే కాక, మొదలుపెట్టాక ఆపలేకపోతున్నారా, పొద్దున లేవగానే ఒక గుక్క పడితేగానీ పని జరగడం లేదా, రాత్రి ఏం జరిగిందో గుర్తుండటం లేదా అని కూడా అది అడుగుతుంది. మొత్తం 40లో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే హాని చేసే తాగుడుగా లెక్కేస్తారు. స్కోరు ఎంత వచ్చినా సరే, ఈ ప్రశ్న మిమ్మల్ని పదేపదే వేధిస్తోందంటే ఒకసారి వచ్చి వినడానికి ఆ కారణం చాలు.

రోజూ తాగను. కానీ మొదలుపెడితే ఆగను. నాలాంటివాళ్లు వస్తారా?

వస్తారు. వారాలు, నెలలు ముట్టకుండా ఉండి, ఒక్కసారి గ్లాసు పట్టుకుంటే రెండు మూడు రోజుల దాకా తేరుకోనివాళ్లు దాదాపు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. మధ్యలో ముట్టని రోజులున్నాయి కాబట్టి తమకు సమస్య లేదని వాళ్లూ చాలాకాలం అనుకున్నవాళ్లే.

పూర్తిగా మానేశాకే రావాలా? తాగి వస్తే గెంటేస్తారా?

మానేశాక రావాలంటే మీటింగుల అవసరమే ఉండదు. ఇంకా తాగుతూనే వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ రోజు తాగి ఉంటే మాత్రం మాట్లాడకుండా వినమంటారు. గొడవ చేస్తే బయటికి తీసుకెళ్లి, తేరుకున్నాక మళ్లీ రమ్మంటారు. అలాంటప్పుడు బండి నడుపుకుంటూ రావద్దు. ఎవరినైనా దింపమనండి, లేదా గ్రూపు నంబరుకు ఫోన్ చేయండి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు రావడం మామూలే.

రేపటి నుంచి చుక్క ముట్టను, ఎల్లుండి మీటింగ్‌కి వస్తాను. సరేనా?

ఎక్కువగా, రోజూ తాగే అలవాటుంటే ఈ పని డాక్టరుకు చెప్పకుండా చేయకండి. ఒళ్లు మద్యానికి అలవాటు పడ్డాక దాన్ని ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమట, గుండెదడ, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు తర్వాత కొందరికి మతి చెదిరి, లేనివి కనిపించి, ఎక్కడున్నారో తెలియని స్థితి వస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స లేకపోతే మనిషి చనిపోవచ్చు. గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇది మనోబలంతో తట్టుకునేది కాదు. ఆస్పత్రిలో వణుకు తగ్గించే మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి కొద్ది రోజుల్లో దాటిస్తారు. ముందు డాక్టరు, ఆ వెంటే మీటింగ్. ఫిట్స్ వచ్చినా, తికమకగా మాట్లాడుతున్నా ఆగకుండా అంబులెన్స్‌ను పిలవండి.

కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు మానుతుందా? రుజువేమైనా ఉందా?

ఉంది. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 10,565 మంది ఫలితాలను కలిపి చూసింది. మనిషిని ఏఏ వైపు నడిపించేలా పద్ధతిగా ఇచ్చిన చికిత్సలో ఏడాది తర్వాత అసలు ముట్టనివాళ్లు నూటికి 42 మంది. మిగతా చికిత్సల్లో 35 మంది. మిగతా అంటే ఊరికే వదిలేయడం కాదు, మంచి పేరున్న మానసిక చికిత్సలే.

ఈ అంకెలు ఇంకో సంగతి కూడా చెబుతున్నాయి: వచ్చినవాళ్లందరూ మానేయరు. మీటింగ్ అంటే మంత్రమని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ డబ్బు ఖర్చు లేకుండా, జీవితాంతం దొరికే సాయాల్లో దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు.

ఒక తాగుబోతు ఇంకో తాగుబోతుకు ఏం సాయం చేస్తాడు?

ఏఏ పుట్టిందే ఈ ప్రశ్నకు జవాబుగా. 1935 మే నెలలో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ వ్యాపారం పని మీద అమెరికాలోనే ఉన్న యాక్రన్‌కు వెళ్లాడు. తాగుడు మానేసి అప్పటికి అయిదు నెలలే. పని చెడింది, చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. హోటల్ హాలులో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. ఇంకో తాగుబోతుతో మాట్లాడితేగానీ తాను నిలబడలేనని అనిపించి, అక్కడున్న జాబితాలోని చర్చిలకు ఫోన్లు చేశాడు. అలా బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. ఈయనకు పావుగంట కన్నా ఎక్కువ సమయం ఇవ్వకూడదనుకుని వచ్చిన బాబ్, రాత్రి పొద్దుపోయేదాకా కదల్లేదు. అప్పటిదాకా తాగుడు మీద ఉపదేశం చేసినవాళ్లే గానీ, తన అనుభవమే తనకు వినిపించినవాళ్లు ఆయనకు ఎదురుకాలేదు. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ఏఏ పుట్టినరోజుగా చెప్పుకుంటారు.

డాక్టరు చేసేది డాక్టరు చేస్తాడు. కానీ సాయంత్రం ఏడింటికి ఒళ్లంతా లాగేస్తుంటే ఎలా ఉంటుందో, ఆ గంట ఎలా గడపాలో తెలిసిన మనిషి, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి మీటింగ్‌లోనే దొరుకుతాడు. మనం వెళ్లేది ఆ మనిషి కోసమే.

డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాను. మళ్లీ మీటింగులెందుకు?

సెంటర్‌లో ఉన్నన్నాళ్లూ సీసా అందుబాటులో లేదు. ఇప్పుడు ఉంది. పాత దారులు, పాత స్నేహితులు, జీతం రోజు అన్నీ మీకోసం కాచుకుని ఉంటాయి. బయటికొచ్చిన మొదటి మూడు నెలలే అన్నిటికన్నా జారుడు నేల. వీలైతే డిశ్చార్జికి ముందే ఒక మీటింగ్ చూసుకోండి, ఇంటికి చేరిన వారంలోపే అక్కడ కూర్చోండి.

## మీటింగ్ వెతుక్కునేటప్పుడు

మా దగ్గర్లో మీటింగ్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఏఏకు చాలా దేశాల్లో సొంత వెబ్‌సైటో సేవా కార్యాలయమో ఉంటుంది, అందులో ఊరి పేరుతో వెతకవచ్చు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది మామూలుగా మానేసినవాళ్లే. ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగాన్ని గానీ డీఅడిక్షన్ వార్డు కౌన్సెలర్‌ను గానీ అడిగినా చెబుతారు. ఎందుకంటే గ్రూపులవాళ్లు అక్కడికి వచ్చి మాట్లాడి వెళ్తుంటారు.

జాబితాలో ఉన్నదాన్ని నమ్మి నేరుగా బయల్దేరకండి. గదులు మారుతుంటాయి, సమయాలు మారుతుంటాయి. ఎంతో ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మనిషికి తాళం వేసిన తలుపు ఎదురైతే మళ్లీ రెండోసారి రావడం కష్టం. ముందు ఫోన్ చేసి "ఈ వారం మీటింగ్ ఉందా, ఏ గేటు నుంచి రావాలి" అని కనుక్కోండి. కొత్తగా వస్తున్నానని చెబితే ఒకరు బయటే నిలబడతారు.

ఓపెన్ మీటింగ్, క్లోజ్డ్ మీటింగ్ అని రాసి ఉంది. నేను దేనికి వెళ్లాలి?

క్లోజ్డ్ అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే. ఓపెన్ అంటే ఎవరైనా వచ్చి వినవచ్చు: భార్య, భర్త, స్నేహితుడు, విద్యార్థి. మానాలన్న కోరిక మీకుంటే రెంటికీ వెళ్లవచ్చు. ఇంకా ఏమీ తేల్చుకోలేదు, ఒకసారి చూసిపోదామనుకుంటే ఓపెన్ మీటింగ్ నయం.

మీటింగులంటే ఏఏ ఒక్కటేనా? వేరేవి లేవా?

ఎక్కువచోట్ల దొరికేది ఏఏనే. కానీ అది ఒక్కటే కాదు. స్మార్ట్ రికవరీ 1994 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. అందులో ఏఏలోలా పన్నెండు మెట్లు (మానడానికి ఒక్కొక్కటిగా పాటించే సూత్రాలు), ప్రార్థన, స్పాన్సర్ (కొత్తవాళ్లకు తోడుండే పాత సభ్యుడు) ఉండవు. శిక్షణ పొందినవాళ్లు నడుపుతారు, తాగాలన్న కోరికను, దాని వెనకున్న ఆలోచనను పట్టుకునే అభ్యాసాలు చేయిస్తారు. అక్కడ ఒకరితో ఒకరు ఎదురు మాట్లాడుకోవచ్చు కూడా. విమెన్ ఫర్ సొబ్రైటీ 1975లో ఆడవాళ్ల కోసం మొదలైంది. లైఫ్‌రింగ్ దేవుడి ప్రస్తావన లేకుండా నడుస్తుంది. మీకు దగ్గర్లో ఇవి లేకపోయినా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒకే మనిషి రెండు రకాల మీటింగులకు వెళ్తే తప్పేమీ లేదు.

ఎంత కట్టాలి?

ఏమీ కట్టక్కర్లేదు. ఏఏలో ప్రవేశ రుసుము లేదు, చందా లేదు. మీటింగ్ చివర్లో ఒక సంచి తిరుగుతుంది, గది అద్దె కోసం, టీ కోసం ఇష్టమున్నవాళ్లు వేస్తారు. కొత్తవాళ్లను వేయొద్దనే అంటారు. బయటివాళ్ల విరాళాలు ఏఏ తీసుకోదు. మీటింగ్ పేరు చెప్పి ఎవరైనా ప్యాకేజీ, ఫీజు అంటే అది ఏఏ కాదు.

ఆడవాళ్లు వస్తారా? మొత్తం మగవాళ్లే ఉంటే భయంగా ఉంది.

వస్తారు, కానీ కొన్ని గ్రూపుల్లో ఒక్కరో ఇద్దరో ఉంటారు. కొన్నిచోట్ల ఒక్కరూ ఉండరు. ఫోన్ చేసినప్పుడే "మీ గ్రూపులో ఆడవాళ్లున్నారా, ఒకరి నంబరు ఇస్తారా" అని అడగండి. అడగకూడని మాటేమీ కాదది. ఆడవాళ్లకు మాత్రమే పెట్టే మీటింగులు కూడా ఉన్నాయి. అవి దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్‌లో ఉన్నదానిలో ముందు ఇద్దరు ముగ్గురితో పరిచయం పెంచుకుని, తర్వాత మామూలు మీటింగ్‌కి వెళ్లడం తేలిక. తాగే ఆడవాళ్లను లోకం మగవాళ్లకన్నా కఠినంగా చూస్తుంది. అందుకే చాలా ఆలస్యంగా, ఒళ్లు బాగా దెబ్బతిన్నాక గానీ బయటపడరు. అంతదాకా ఆగకండి.

ఆన్‌లైన్ మీటింగులతో సరిపెట్టుకోవచ్చా?

ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు, రాత్రి షిఫ్టులవాళ్లకు, కదల్లేనివాళ్లకు అవి పెద్ద అండ. ఏ అర్ధరాత్రయినా ఎక్కడో ఒకచోట మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. దోషం ఒక్కటే: అయిపోగానే తెర ఆరిపోతుంది, ఎవరితోనూ పరిచయం కాదు. చివర్లో ఉండి నంబర్లు తీసుకోండి. వీలున్నప్పుడు నెలకోసారైనా మనుషుల మధ్య కూర్చోండి.

## మొదటి రోజు

లోపల అసలేం జరుగుతుంది?

గదిలో కుర్చీలు గుండ్రంగానో వరసలుగానో వేసి ఉంటాయి. గోడకు పన్నెండు మెట్లు రాసిన అట్ట తగిలించి ఉంటుంది. చెప్పిన సమయానికి ఆ రోజు నడిపించే మనిషి ఒక చిన్న పాఠం చదువుతారు: ఈ సంఘం ఏమిటి, ఎవరు రావచ్చు, ఏ మతానికీ పార్టీకీ చెందినది కాదు అని. ఆయనా తాగి మానినవాడే. డాక్టరు కాదు, జీతం తీసుకునే ఉద్యోగీ కాదు. కాసేపు మౌనంగానో ప్రార్థనతోనో గడిచాక, కొత్తవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. చెయ్యెత్తితే పేరు అడుగుతారు, అంతే. ఎత్తకపోయినా ఫరవాలేదు.

తర్వాత ఒక్కొక్కరూ "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. తాగిన రోజుల్లో ఎలా ఉండేవాళ్లు, ఏం జరిగి ఇటొచ్చారు, ఇప్పుడెలా ఉన్నారు. దీన్నే షేరింగ్ అంటారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు తగలరు, సలహా ఇవ్వరు, నువ్వు చేసింది తప్పనరు. మొదటిసారి వచ్చినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. బీరువాలో బట్టల వెనక సీసా దాచిన సంగతి ఒకాయన ఏ తడబాటూ లేకుండా చెబుతుంటే, పక్కవాళ్లు తలూపుతుంటారు. మీరు ఎవరికీ చెప్పుకోలేని సంగతి అక్కడ అందరికీ తెలిసిన సంగతి.

ఇలా గంట, గంటన్నర సాగుతుంది. చాలాచోట్ల ఆరు నెలలు, ఏడాది నిండినవాళ్లకు ఒక బిళ్ల ఇస్తారు. ఈ ఒక్క రోజు ముట్టకుండా ఉంటానన్న కొత్తవాళ్లకూ ఒకటి ఇస్తారు.

అయిపోగానే చెప్పులేసుకుని పారిపోకండి. ఆ తర్వాత పావుగంట టీ గ్లాసులు పట్టుకుని నిలబడి మాట్లాడుకుంటారు చూడండి, మీకు కావాల్సింది అక్కడుంది. ఇద్దరి నంబర్లు తీసుకోండి. మర్నాడే ఒక నంబరుకు ఫోన్ చేసి ఊరికే "ఎలా ఉన్నారు" అనండి. తాగాలనిపించని రోజున ఒకసారి చేసి ఉంటేనే, తాగాలనిపించిన రోజున చెయ్యి ఆ నంబరు మీదికి వెళ్తుంది.

నేను మాట్లాడాలా? నలుగురిలో నోరు పెగలదు.

అక్కర్లేదు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటాను" అంటే చాలు, పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. వారాలపాటు ఒక్క మాటా మాట్లాడకుండా వినేవాళ్లున్నారు.

తెలిసినవాళ్లు కనిపిస్తే? బయటికి పొక్కితే?

తెలిసినవాళ్లు కనిపించారంటే వాళ్లూ అదే పని మీద వచ్చారు. మీ రహస్యం వాళ్ల దగ్గర ఉన్నట్టే వాళ్లదీ మీ దగ్గర ఉంది. ఎవరిని చూశామో, ఏం విన్నామో గది దాటనివ్వకూడదన్నది ఈ మీటింగులకు ప్రాణంలాంటి కట్టుబాటు. ఏఏ పేరులోనే అది ఉంది: అనానిమస్ అంటే పేరు బయటపెట్టనివాళ్లు. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, హాజరు పట్టీ ఉండదు.

అయితే ఇది కట్టుబాటే గానీ చట్టం కాదు. డాక్టరు దగ్గరో లాయరు దగ్గరో చెప్పిన మాటకు ఉండే రక్షణ ఇక్కడ ఉంటుందని అనుకోవద్దు. కేసుల వరకూ వెళ్లే సంగతులు, వేరేవాళ్ల గుట్టు నిండు మీటింగ్‌లో కాకుండా తగినవాళ్ల దగ్గర విడిగా చెప్పుకోండి.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. కూర్చోనిస్తారా?

కూర్చోనిస్తారు. మెట్లలో దేవుడి మాట ఉంది, "మనం అర్థం చేసుకున్న విధంగా" అన్న మాట కూడా దాని పక్కనే ఉంది. కొందరికి అది దేవుడు, కొందరికి ఆ గదిలో కూర్చున్న గుంపే తమకన్నా పెద్ద శక్తి. ప్రార్థన చేస్తున్నప్పుడు ఊరికే నిలబడితే ఎవరూ ఏమీ అనరు. కొన్ని గ్రూపుల్లో భక్తి పాలు ఎక్కువగా ఉంటుంది. అది ఇబ్బందిగా ఉంటే ఇంకో గ్రూపు చూసుకోండి, మీటింగులే మానకండి.

కోర్టు పంపింది. వచ్చినట్టు సంతకం చేసిస్తారా?

కొన్ని గ్రూపులు చేస్తాయి, కొన్ని చేయవు. అది ఆ గ్రూపు ఇష్టం. మొదలవకముందే నడిపించేవాళ్లను అడగండి.

## కొన్ని వారాలు గడిచాక

ఒకసారి వెళ్లాను. నచ్చలేదు. ఇది నాకు పడదేమో?

మీకు పడనిది ఆ గ్రూపు కావచ్చు. ఒక్కో గ్రూపుది ఒక్కో తీరు. ఒకచోట అందరూ పెద్దవాళ్లే, ఒకచోట కుర్రాళ్లు. ఒకచోట నవ్వులు, ఒకచోట గంభీరం. పైగా మొదటిరోజు భయంలో సగం మాటలు చెవికెక్కవు. వేరువేరు గ్రూపుల్లో కనీసం ఆరుసార్లు కూర్చున్నాక తేల్చుకోండి. ఎవరి కథ మీ కథలా అనిపించిందో ఆ మనిషి వచ్చే గ్రూపే మీది.

వారానికి ఎన్నిసార్లు వెళ్లాలి?

కొత్తవాళ్లకు ఏఏలో చెప్పే పాత మాట: తొంభై రోజుల్లో తొంభై మీటింగులు. అది నియమం కాదు, సలహా. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లందరికీ కుదరదు. వారానికి మూడు చొప్పున మొదటి మూడు నెలలు వదలకుండా వెళ్లగలిగితే మంచిది. ఆ మూడింటిలో ఒకటి మీకు తాగాలనిపించే రోజున, ఆ వేళకే ఉండేలా చూసుకోండి.

స్పాన్సర్ అంటే ఎవరు? ఎలా అడగాలి?

మీకన్నా ముందు మానేసి, పన్నెండు మెట్లు తాము ఎక్కి, మిమ్మల్ని ఎక్కించే మనిషి. గురువు కాదు, యజమాని కాదు, అప్పిచ్చేవాడు కాదు. కనీసం ఏడాదైనా ముట్టకుండా ఉన్నవాళ్లను, మగవాళ్లయితే మగవాళ్లను, ఆడవాళ్లయితే ఆడవాళ్లను అడగడం ఆనవాయితీ. బాగా మాట్లాడేవాళ్లకన్నా ఫోన్ ఎత్తేవాళ్లను ఎంచుకోండి. "కొన్నాళ్లు నాకు స్పాన్సర్‌గా ఉంటారా?" అని అడిగితే చాలు. కుదరదంటే నొచ్చుకోవద్దు, కుదిరాక సరిపడకపోతే మార్చుకోవచ్చు.

నేను డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నాను. మాత్రలు వాడితే మానినట్టు కాదని ఒకాయన అన్నారు. ఆపేయాలా?

ఆపకండి. తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్, తాగకుండా అడ్డుకోవడానికి డైసల్ఫిరామ్ ఇస్తారు. దిగులుకో, మరో మానసిక వ్యాధికో వాడే మాత్రలు వేరే. వీటిలో ఏది వాడాలో, ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది డాక్టరే. మీటింగ్‌లో ఎవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదన్నది ఏఏ స్వయంగా చెప్పే మాట. మీకు అలా చెప్పినాయన మంచి మనసుతోనే చెప్పి ఉండవచ్చు. కానీ ఇలాంటి మాట విని మాత్రలు ఆపేసినవాళ్ల ప్రాణాలే ప్రమాదంలో పడ్డాయి. ఈ విషయంలో ఆయన మాట పక్కనపెట్టండి.

వాళ్ల తాగుడు కథలు వింటుంటే నాకు తాగాలనిపిస్తోంది.

మొదట్లో ఇది చాలామందికి జరుగుతుంది. నేరుగా ఇంటికి వెళ్లకుండా, మీటింగ్ అయిపోగానే ఒకరితో ఈ మాటే చెప్పండి. ఆ కోరిక అలలా లేచి, చాలాసార్లు అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంట ఒంటరిగా ఉండకూడదు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదైనా ఉందా అని చూసుకోమంటారు. ముందు ఏమైనా తినండి. నమ్మలేనంత తేడా కనిపిస్తుంది.

మూడు నెలలు ఉండి మళ్లీ తాగాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఈ మొహమే పెట్టుకుని వెళ్లండి, వీలైతే ఈ రోజే. ఆ గదిలో చాలామంది ఒకసారి కాదు, పలుసార్లు జారి లేచినవాళ్లే. రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది, నిజమే. కానీ ఆ మూడు నెలల్లో నేర్చుకున్నది పోదు, ఆ రోజుల్లో మీ పిల్లలు మిమ్మల్ని చూసిన చూపూ పోదు. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం, ఒక రాత్రి తాగింది ఆరు నెలల తాగుడుగా మారేది అక్కడే. వరసగా చాలా రోజులు తాగి ఉంటే ఆపే ముందు డాక్టరును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మీటింగ్ వేళ దాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి గానీ ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు గానీ ఫోన్ చేయండి.

గ్రూపులో ఒకాయన ఎక్కువ చనువు తీసుకుంటున్నాడు / అప్పు అడుగుతున్నాడు.

మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు కాబట్టి అన్ని రకాలవాళ్లూ వస్తారు. కొత్తవాళ్ల నిస్సహాయతను వాడుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు. మొహమాటపడకుండా కాదనండి, గ్రూపులో పాతవాళ్లకు చెప్పండి, గ్రూపు మారండి. వేధింపు దాకా వస్తే పోలీసులకు చెప్పడానికి ఏ కట్టుబాటూ అడ్డురాదు. పేర్లు దాచేది మానాలనుకునేవాళ్లను కాపాడటానికి, తప్పు చేసినవాళ్లను కాపాడటానికి కాదు.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

మా ఆయన మీటింగ్ పేరెత్తితేనే మండిపడుతున్నారు. ఎలా పంపాలి?

బలవంతంగా పంపలేరు. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, అది గోడకు చెప్పినట్టే. తాగని వేళ, తిట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పండి: "మొన్న రాత్రి పాప మిమ్మల్ని చూసి భయపడి తలుపేసుకుంది." ఒక నంబరు కాగితం మీద రాసి ఆయనకు అందేచోట ఉంచండి. ఆయన బదులు ఆఫీసుకు అబద్ధం చెప్పడం, అప్పులు తీర్చడం మానండి. తాగని రోజున ఆయనతో సంతోషంగా గడపండి. క్రాఫ్ట్ అనే పద్ధతిలో ఇంట్లోవాళ్లకు నేర్పేది ఇదే. నిలదీయడం కన్నా ఇలా చేసినప్పుడే ఎక్కువమంది చికిత్సకు ఒప్పుకున్నారని పరిశోధనల్లో తేలింది. తెలిసిన కౌన్సెలర్ దొరికితే నేర్చుకోండి.

ఆయన వచ్చినా రాకపోయినా మీరు మాత్రం వెళ్లండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ 1951 నుంచి ఉంది, వాళ్ల పిల్లల కోసం అలటీన్ 1957 నుంచి ఉంది. అక్కడ ఆయన్ని మార్చే చిట్కాలు చెప్పరు. మీరు నిద్రపోవడం, తినడం, భయం లేకుండా బతకడం మళ్లీ నేర్చుకుంటారు. ఇంట్లో కొడుతుంటే మాత్రం ముందు మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటికి చేరండి.

ఆయనకు తెలియకుండా అన్నంలో మాత్ర కలపొచ్చా?

వద్దు. అలా కలిపేది చాలావరకు డైసల్ఫిరామే. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం కందిపోయి, వాంతులు, గుండెదడ వచ్చి, బీపీ పడిపోయి ప్రాణాపాయం కావచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఆ ముప్పు ఉంటుంది. గుండె, కాలేయ జబ్బులున్నవాళ్లకు ఇంకా ప్రమాదం. మనిషికి చెప్పి, పరీక్షలు చేసి, ఆయన ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మాత్ర అది. ఏముందో రాయని పొడులు అమ్మేవాళ్ల జోలికి అసలే పోవద్దు.

ఇప్పుడు తాగడం లేదు, కానీ సాయంత్రమైతే మీటింగే. మాతో గడపరా?

ఈ బాధ న్యాయమైనదే. తాగినన్నాళ్లూ లేరు, మానాకా లేరు. మొదటి కొన్ని నెలలు ఈ మీటింగులు చికిత్సే అనుకుని ఓర్చుకోండి. దాంతోపాటు వారంలో ఒక పూట ఇంటికేనని ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆయన మానేసి ఏడాది నిండిన రోజు ఓపెన్ మీటింగ్ పెడితే వెళ్లి చూడండి. లోపల ఏం చెప్పారని మాత్రం గుచ్చి గుచ్చి అడగకండి.

## ఇంకా ముందుకు వెళ్లాక

ఎన్నేళ్లు వెళ్లాలి? జీవితాంతమా?

ఎవరూ గడువు పెట్టరు. కొందరు కొన్నేళ్ల తర్వాత తగ్గిస్తారు, కొందరు ముప్ఫై ఏళ్ల తర్వాతా వస్తారు, కొత్తవాళ్లకు కుర్చీ వేయడానికి. తగ్గించాలనుకుంటే అంతా బాగున్నప్పుడు, స్పాన్సర్‌తో చెప్పి తగ్గించండి. కోపంతోనో విసుగుతోనో మానేస్తుంటే అది వేరే సంగతి, ఆ వారం ఇంకొకటి ఎక్కువ వెళ్లండి.

మా దగ్గర మీటింగే లేదు. మేమే మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. తాగుడు మానడం కోసం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే, వేరే సంస్థతో ముడి లేకపోతే, అది ఏఏ గ్రూపే. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దగ్గర్లోని సేవా కార్యాలయానికి చెబితే చదవాల్సిన పాఠాలు, పుస్తకాలు పంపుతారు, జాబితాలో మీ గ్రూపును చేరుస్తారు. గది ఉచితంగా ఇస్తామన్నా ఎంతో కొంత అద్దె కట్టండి, అప్పుడు ఎవరి మాటకూ తలొగ్గాల్సిన పని ఉండదు. వారంలో ఒక రోజు, ఒక వేళ పెట్టుకుని ఎంతమంది వచ్చినా రాకపోయినా మార్చకండి. దగ్గర్లోని డాక్టర్లకు, ఆస్పత్రికి ఆ వేళ, ఒక ఫోన్ నంబరు రాసిచ్చి రండి. ఆ నంబరు ఎత్తే బాధ్యత ఇద్దరు పంచుకోండి, ఒక్కరి మీదే వేస్తే త్వరగా అలసిపోతారు.